పలకని బటన్లు

చల్లపల్లి బస్టాండులో విజయవాడ బస్సు కోసం నిలబడి ఉండగా అక్క వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "బయల్దేరారా అండీ?" అన్నాడు. బయల్దేరానన్నాను. "ఇక ఆసుపత్రికి రాకండి. పెడన వచ్చేయండి. అక్కని ఇంటికి తెచ్చేస్తున్నాం" అన్నాడు. నా చేతిసంచిలో ఆవిడ కోసం ఉతికి మడతపెట్టిన నైటీలున్నాయి. ఆ సంచితోనే, పెడన దారిలో ఉన్న బందరుకి బస్సెక్కాను.

అక్క అంటున్నానే గాని మాకు చుట్టరికం ఏమీ లేదు. బందరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆవిడ కంప్యూటర్లు చెప్పేది, నేను కామర్స్ చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో మావి పక్కపక్క కుర్చీలు. చిన్నప్పటి నుంచీ షుగరు ఆవిడకి. క్యారేజీ విప్పే ముందు ఇన్సులిన్ సూది పొడుచుకునేది, చెబుతున్న కబురు ఆపకుండానే. నొప్పిగా లేదా అక్కా అని అడిగితే, "అన్నం మానేస్తే ఇదీ మానేయొచ్చు. మానమంటావా?" అనేది.

ఆ రోజుల్లో వెబ్ పేజీ తయారుచేయాలంటే ప్రతి బటనూ, ప్రతి మెనూ మొదటి నుంచి రాసుకోవాలట. ఒక బ్రౌజరులో కుదురుగా ఉన్నది ఇంకోదాంట్లో చెదిరిపోయేదట. ఏటేటా పిల్లలకి అదే చెప్పి చెప్పి విసుగొచ్చి, ఆవిడే వాటన్నిటినీ ఒకసారి శుభ్రంగా రాసిపెట్టింది. కావలసినవాళ్లు తీసుకెళ్లి తమ పేజీలో అమర్చుకోవడమే. అలాంటివాటిని లైబ్రరీ అంటారు. దాన్ని కోడుతో సహా ఇంటర్నెట్టులో అందరికీ ఊరికే ఇచ్చేసింది.

వాళ్ల నాన్నగారు పెడనలో కలంకారీ అద్దకం పనిచేసేవారు. "లైబ్రరీ అంటే పుస్తకాలుండాలి కదమ్మా?" అని ఆయన అడగడం నేను విన్నాను.

"ఇవి అచ్చుల్లాంటివి నాన్నా. పువ్వచ్చు, ఆకచ్చు నేను చెక్కిపెడతాను. ఎవరి చీర వాళ్లు అద్దుకుంటారు."

"అచ్చులు ఊరికే ఇచ్చేస్తే మనకేంటి?"

"అచ్చులో తప్పుంటే వాళ్లే చెప్తారు. దిద్దుకుంటాం. చాలదూ?"

అలాగే చెప్పారు కూడా. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో తప్పులు చూపించారు, కొందరు దిద్ది పంపారు. వాళ్లలో ఒకతను ఆవిడతో సమానంగా పనిచేసేవాడు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. అయినా అక్క అతని సంగతులు పక్కింటి పిల్లవాడి సంగతుల్లా చెప్పేది. వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదట, మూడురోజులుగా మెయిల్ లేదు అని దిగులుపడేది.

ఆ తర్వాత కళ్లు పోవడం మొదలైంది. ఒకరోజు బోర్డు మీద, రాసినదాని మీదే మళ్లీ రాసిందట. పిల్లలు నవ్వారట. సుద్దముక్క బల్ల మీద పెట్టి స్టాఫ్ రూముకి వచ్చి కూర్చుంది. షుగరు వల్ల కంటి లోపల రక్తం చిమ్మిందన్నారు డాక్టర్లు. విజయవాడ వెళ్లి లేజరు చేయించుకుంది. ఒక కన్ను పోయింది, తర్వాత రెండోది. కాలేజీవాళ్లు విశ్రాంతి తీసుకోమని చాలా మర్యాదగా చెప్పి, వేరే మనిషిని చూసుకున్నారు.

తెర మీద ఉన్నది పైకి చదివే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంటుంది. అక్క దాన్ని పట్టుదలగా నేర్చుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం బందరు ఈడేపల్లిలో ఆవిడ అద్దెకుండే ఇంటికి వెళ్లేసరికి కంప్యూటరు గడగడా వార్తలు చదువుతోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని ఆవిడ తలూపుతూ వింటోంది. తర్వాత తన లైబ్రరీతో కట్టిన పేజీ ఒకటి తెరిచింది. మీట నొక్కింది. గొంతు రాలేదు. మళ్లీ నొక్కింది.

"స్పీకరు ఊడిందేమో చూడవే."

చూశాను. వైరు సరిగ్గానే ఉంది. "ఊడలేదక్కా. బటన్లు చక్కగా కనిపిస్తున్నాయి."

"నీకు కనిపిస్తున్నాయి" అంది.

చాలాసేపు మీటల మీద నుంచి చేతులు తీయలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "అందంగా ఉండాలని బొమ్మలు గీశాను. ఇది బటన్ అని మెషీన్‌కి ఎక్కడా చెప్పలేదు. చూసేవాళ్లకి తెలుస్తుందిలే అనుకున్నాను." అప్పుడు ఏడ్చింది. చూపు పోయినప్పుడు కూడా ఆవిడ ఏడవడం నేను చూడలేదు.

లైబ్రరీ మొత్తం తిరగరాయాలని ఆ వారమే నిర్ణయించుకుంది. ప్రతి ముక్కా తానేమిటో పైకి చెప్పాలి, మౌసు లేకుండా మీటలతోనే నడవాలి. అలా చేస్తే పాత పద్ధతిలో కట్టుకున్న పేజీలు కొన్ని చెడిపోతాయి. వాడేవాళ్లకి కోపాలొచ్చాయి. ఆ పక్కింటి పిల్లవాడి లాంటి అతనే రాశాడు: చూపులేనివాళ్లు ఎంతమంది ఉంటారు, వాళ్ల కోసం ఇంతమందిని ఇబ్బంది పెడతామా అని. ఆ మాట కూడా ఆవిడకి కంప్యూటరే చదివి వినిపించింది.

"నీ సంగతి చెప్పక్కా వాళ్లకి" అన్నాను.

"చెప్తే జాలిపడి ఒప్పుకుంటారు. నేను పోయాక తీసి పారేస్తారు. ఇది ఉండాల్సిందేనని వాళ్లకి తోచాలి."

వాళ్లకి తోచలేదు. అతను పాత కోడు కాపీ తీసుకుని వేరే పేరుతో నడపడం మొదలుపెట్టాడు. వాడేవాళ్లలో చాలామంది అతని వెంట వెళ్లిపోయారు. నేను తిట్టబోతే ఆవిడ ఒప్పుకోలేదు. "తీసుకెళ్లమని నేనే రాసిచ్చాను కదే. ఎటు తీసుకెళ్తున్నావని అడగడానికి లేదు" అంది. మళ్లీ తనే, "వెళ్లేముందు ఒక ముక్క చెప్పుంటే బాగుండేది" అంది.

అద్దె ఇల్లు ఖాళీ చేసి పెడన వెళ్లిపోయింది. ఒక్కతే రాస్తూ కూర్చుంది. బటన్లు పలికాయి. మెనూలు పలికాయి. దరఖాస్తు నింపే పెట్టెలు పలకడానికి చాలా కాలం పట్టింది. ఎవరో ఊరూ పేరూ తెలియని చూపులేని మనిషి, ఎవరి సాయం లేకుండా మొదటిసారి ఒక దరఖాస్తు నింపుకున్నానని రాశాడు. నాకు ఫోన్ చేసి చెప్పింది. సంతోషంగా ఉందా అక్కా అన్నాను. "ఒక్కడే రాశాడు. మిగతావాళ్లు ఇంకా గోడలు తడుముకుంటూనే ఉన్నారు కదే" అంది.

అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్ లేని రోజుల్లోనే పని. ఆ రోజులు కూడా తగ్గిపోతూ వచ్చాయి. పట్టికలు మిగిలిపోయాయి. ఏ వరసలో ఏ గడిలో ఉన్నామో వినేవాళ్లకి తెలియాలి, అది కుదరడం లేదు అనేది. ఆఖరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు కూడా నా చెయ్యి పట్టుకుని పట్టిక గురించే చెప్పింది. నాకేమీ అర్థం కాలేదు. ఊఁ కొట్టాను. అర్థం కావడం లేదని ఆవిడకీ తెలుసు.

అన్నీ అయ్యాక, నాకొచ్చిన ఇంగ్లీషులో ఆ లైబ్రరీ వాళ్లందరికీ కబురు రాశాను. చివరి ఏళ్లలో ఆవిడకి చూపు లేదని కూడా రాశాను. కాపీ తీసుకుని విడిపోయిన అతని దగ్గర నుంచి ఒక్క వాక్యం జవాబు వచ్చింది: "నాకెందుకు చెప్పలేదు?" అంతే. అతను నడిపేది ఇప్పటికీ నడుస్తోంది. దాంట్లో బటన్లు ఇప్పటికీ పలకవు.

నాకు వెబ్ పేజీలు కట్టడం రాదు. ఆవిడ ఏం చేసిందో సరిగ్గా చెప్పగల మనిషిని కూడా కాను. నా పక్క కుర్చీలో అంత పట్టుదల గల మనిషి కూర్చోవడం నా అదృష్టం, అంతవరకే తెలుసు.

ఈడేపల్లి ఇల్లు ఖాళీ చేసి పెడన వెళ్లేముందు, ఒక సాయంత్రం మంగినపూడి బీచికి తీసుకెళ్లమంది. ఆటోలో వెళ్లాం. మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్లాక నా చెయ్యి వదిలేసింది. "నువ్వు ఒడ్డుకెళ్లు. పిలవకు. నేనే వస్తాను" అంది. భయంగానే వెళ్లి నిలబడ్డాను. ఆవిడ కాసేపు సముద్రం వైపే తిరిగి ఉంది. ఒక అల తగిలి తూలింది, నిలదొక్కుకుంది. తర్వాత ఇసుకలో మొక్కజొన్న పొత్తులమ్మేవాళ్ల కేకకి తల వంచి చెవి పెట్టి, మెల్లగా ఇటు తిరిగింది. ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి ముందుకి చాపి నడవసాగింది. నా వైపు కాదు, బాగా పక్కకి. పిలవొద్దంది కదా. నోటిదాకా వచ్చిన కేకని బిగబట్టి నిలబడ్డాను. నీళ్లు ఆవిడ పిక్కల దాకా దిగాయి, తర్వాత చీలమండల దాకా.