చిరిగిన అట్ట

ఆయుధపూజ రోజు మా నాయన ఆట డిస్కుకు బొట్టు పెట్టాడు, అదీ మెరిసే వైపు. పై వైపున చక్కటి బొమ్మ ఉంది, దాని మీద గంధం పూయడానికి ఆయనకు మనసొప్పలేదట. అందుకని ఏమీ లేదనుకున్న వైపు తిప్పి, మూడు వేళ్లతో గంధం రాసి, నడుమ కుంకుమ అద్దాడు. కంప్యూటర్‌కు, మిక్సీకి, నా స్కూటర్‌కు కూడా తలా ఒక బొట్టు పడింది. నగరిలో ముప్పై ఏళ్లకు పైగా మగ్గాలు నడిపిన మనిషి. ఏడాదికోసారి పనిముట్టుకు దండం పెట్టుకోకపోతే ఆయనకు ముద్ద దిగదు. మగ్గాలు అమ్మేసి తిరుపతిలో నా దగ్గరికి వచ్చాక, తనదని చెప్పుకోవడానికి ఆయనకు మిగిలిన పనిముట్టు ఆ డిస్కు ఒక్కటే.

మర్నాడు ఎండిన గంధాన్ని తువ్వాలుతో గట్టిగా తుడిచి, మామూలుగా పదింటికి ఆటకు కూర్చున్నాడు. డిస్కు లోపల గిరగిరా తిరిగింది, కీచుమంది, బయటికి వచ్చేసింది. సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆటంతా ఉండేది ఆ మెరిసే వైపే, దాని నిండా గీతలు.

అది రంగురంగుల పలకలు పేర్చి నమూనా పూర్తి చేసే ఆట. నా మొదటి జీతంతో కొన్నాను, పెట్టెతో సహా, అసలైనది. ఆ రోజుల్లో కాపీ డిస్కులు ఫుట్‌పాత్ మీద కుప్పలుగా దొరికేవి. నేను అటు చూడను కూడా చూడలేదు. నేనేమో నెల రోజులు ఆడి, విసుగెత్తి వదిలేశాను. ఆయన ఇక్కడికి వచ్చాక ఒక రోజు బీరువాలోంచి తీసి, "ఇది అంచు నేసినట్టే ఉండాదే" అని మొదలుపెట్టాడు. కొత్త నమూనా వచ్చినప్పుడల్లా కాగితం మీద గళ్లు గీసుకునేవాడు. ఆ ఆట కోసమే పాత కంప్యూటర్‌ను పారేయకుండా ఉంచాను. ఆట సగం కంప్యూటర్‌లోనే ఉన్నా, డిస్కు పెడితే గాని తలుపు తీయదు.

నేను కోపిష్టిదాన్ని. నోరు ముందు, బుద్ధి వెనక. "దానికి గూడా బొట్టేంది నాయనా? కాస్తన్నా ఆలోసించద్దా?" అనేశాను. ఆయన డిస్కును కవర్లో పెట్టి, "పోనీలే పాపా, ఆడింది సాలు" అన్నాడు.

ఆ తరవాత కంప్యూటర్ ఉన్న గదిలోకే పోలేదు. పొద్దున కాఫీ తాగి బాల్కనీలో కూర్చుంటే, మధ్యాహ్నం అన్నానికి గాని లేచేవాడు కాదు. నేను బయల్దేరేటప్పుడు "ఎన్నింటికి వస్తావు?" అని అడగడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఎన్నడూ అడగలేదు.

డిస్కు కోసం తిరగని కొట్టు లేదు. "ఇంకా డిస్కులెవరు వాడతారు మేడమ్" అని నవ్వారు. ఆట తయారుచేసిన కంపెనీకి మెయిల్ రాస్తే, అటువంటి చిరునామాయే లేదని తిరిగి వచ్చింది. కంపెనీ ఎప్పుడో మూతపడిందట. చివరికి పాత ఆటలన్నీ పోగేసి పెట్టిన ఒక వెబ్‌సైట్‌లో అది కనిపించింది. ఊరికే, ఒక్క నొక్కుకు దిగిపోయేలా ఉంది.

ఇక్కడే నాకు చిక్కొచ్చింది. నేను కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. కాపీ సరుకు ఎక్కించినవాళ్లను బయటికి పంపిస్తానని తలుపు మీద నా చేతి రాతతోనే అంటించాను. పంపించాను కూడా, ఏడ్చినా వినలేదు. ఇప్పుడు మా ఇంటి దాకా వచ్చేసరికి వేలు మౌస్ మీదికి పోతోంది. కొన్నాను కదా, పెట్టె బీరువాలో ఉంది కదా అని ఒక మనసు. కొన్నది ఆటనా, ప్లాస్టిక్ పళ్లాన్నా అని ఇంకో మనసు. పెట్టెలోని షరతుల కాగితం తీసి చీమల్లాంటి అక్షరాలన్నీ చదివాను. ఎన్నో కూడదని రాశారు గాని గంధం సంగతి ఎక్కడా లేదు.

ఒక ఆదివారం ఉదయం నాయననే అడిగాను. అంతా విని, ఆయన ఒకటే అడిగాడు.

"చిరిగిన అట్ట సూపించినావా?"

ఆ మాట విని పాతికేళ్లు దాటినా నాకు వెంటనే అర్థమైంది. మగ్గం మీద జకార్డు పెట్టె ఉంటుంది. చీర డిజైన్ అంతా దానికి తగిలించే అట్టల్లో ఉంటుంది, రంధ్రాల రూపంలో. రంధ్రం ఎక్కడుంటే అక్కడి పోగు లేస్తుంది. డిజైన్ కొనడమంటే ఆ అట్టల దండ కొనడమే. ఎలుక కొరికో, చెమ్మ తగిలో నాలుగు అట్టలు పాడైతే దండంతా మళ్లీ కొనరు. అదే డిజైన్ కొన్న ఇంకో ఇంటికి పోయి, వాళ్ల అట్టలు చూసి ఆ నాలుగూ కొత్త అట్టల మీద రంధ్రాలు కొట్టుకుని వస్తారు. కానీ పోయేటప్పుడు చిరిగిన అట్టలు చేత్తో పట్టుకుపోవాలి. అవి చూపిస్తే ఎవరూ కాదనరు. చూపించకుండా అడిగితే దొంగ కింద లెక్క.

నాకు అది ఇంకో కారణంగా కూడా గుర్తుంది. ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాయన వెంట అలా ఎదురింటికి పోయాను. ఆ ఇంటాయన కూడా నేతగాడే, మామ అని పిలిచేదాన్ని. వాళ్లు ఇద్దరూ అరుగు మీద అట్టలు కొట్టుకుంటుంటే, పక్కన మామ కొత్తగా కొన్న మామిడిపిందెల అంచు అట్టలు కనిపించాయి. నాయనకు పనికొస్తాయని, నా నోటుబుక్కులో కాగితం వాటి మీద పరిచి పెన్సిల్‌తో రుద్దాను. రంధ్రాలు తెల్లటి చుక్కలుగా పడ్డాయి. ఎన్ని పేజీలు నింపానో, గర్వంగా తెచ్చి నాయనకు చూపించాను. ఆయన పేజీలు తిప్పి తిప్పి చూశాడు. తల ఎత్తి మామను చూశాడు. తరవాత నా చెంప మీద ఒక్కటిచ్చాడు.

మా నాయన నన్ను కొట్టింది జన్మలో అదొక్కసారే. నోటుబుక్కు మామకు ఇచ్చేశాడు. అందులోనే నా లెక్కల హోంవర్కు ఉంది, మర్నాడు బడిలో దానికి వేరే దెబ్బలు. ఆయన మేలు కోరి చేసిన పనికి ఆయన చేతనే పరాయివాళ్ల ముందు దెబ్బ తిన్నానన్న కసి నాలో చాలా ఏళ్లు ఉండిపోయింది. ల్యాబ్ తలుపు మీద ఆ కాగితం అంటించిన చేతిలో కూడా ఆ కసి కొంత ఉందేమో.

"ఎవురికి సూపించేది నాయనా? ఆడ అడిగేవాళ్లు ఎవురూ లేరు" అన్నాను.

"మనకి మనం సూపించుకోవాల" అని లేచి, గీతలు పడ్డ డిస్కు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టాడు. "మనది పొయ్యింది, మనదే కొట్టుకుంటాండాం. కానీయ్."

దించాను. డిస్కు అడగకుండానే ఆట తలుపు తీసుకుంది. ఆయన పాత ఆట, ఆగిన నమూనాతో సహా, ఎక్కడ వదిలాడో అక్కడే ఉంది. ఆయన ముఖం చూసి నా ప్రాణం లేచి వచ్చింది. అప్పుడే గమనించాను, దిగిన ఫైళ్లలో ఆట రెండో భాగం కూడా ఉంది. మా దగ్గర ఎన్నడూ లేనిది. తెరిచి చూస్తే అన్నీ కొత్త నమూనాలు, మొదటి దాన్లో లేని రంగులు. నాయన ముందుకు వంగి కళ్లద్దాలు సరిచేసుకున్నాడు.

"ఇదేంది?"

"దాంతో పాటే వచ్చింది నాయనా. ఆడుకో, కంపెనీ గూడా లేదిప్పుడు, ఎవురికి నష్టం?"

ఆయన ఒక్కొక్క నమూనా చూశాడు. చాలాసేపే చూశాడు. తరవాత "తీసెయ్" అన్నాడు.

నాకు మళ్లీ కోపం వచ్చింది. "నీ మేలుకని నేను చేసేది నీకెప్పుడూ పట్టదు. ఆ పొద్దు గూడా ఇంతే, మామ ముందర కొడితివి" అన్నాను. నలభై దాటినదాన్ని, ఆరో తరగతి పిల్లలా పోట్లాటకు దిగాను.

నాయన తెర మీంచి చూపు తిప్పలేదు. "ఆ అంచు మీద నాకు శానా దినాలుగా కన్నుండె పాపా. నీ నోటుబుక్కు సూస్తానే, సప్పుడు చెయ్యకుండా ఇంటికి తీసకపోదామనుకున్నా. తలెత్తితే మామ నా మొగమే సూస్తా ఉండాడు. నా ఆశ ఆయనకి కనిపించేసిందని సిగ్గయిపాయె. ఆ సిగ్గుకు నిన్ను కొట్టినా. నువ్వు తప్పు చేసినావని కాదు."

నేను మౌస్ వదిలేసి ఆయన పక్కకు కుర్చీ లాక్కున్నాను.

"ఈ పొద్దు ఎవురూ సూడటం లేదు" అన్నాడు. "అందుకే తీసెయ్ అంటాండా."

తీసేశాను. కళ్లు మసకబారి సరైన ఫైలు మీద నొక్కానో లేదోనని రెండుసార్లు చూసుకున్నాను. చట్టం లెక్కలో మేము చేసింది ఒప్పో తప్పో నేను ఇప్పటికీ చెప్పలేను. ల్యాబ్ తలుపు మీద కాగితం అలాగే ఉంది, కాకపోతే పంపించే ముందు ఇప్పుడు ఎందుకు ఎక్కించారని ఒక మాట అడిగి వింటున్నాను.

నాయన రోజూ పదింటికి ఆటకు కూర్చుంటాడు. ముందు కవర్లోంచి పాడైన డిస్కు తీసి కీబోర్డు పక్కన పెట్టుకుంటాడు, అయిపోయాక మళ్లీ లోపల పెడతాడు. ఈ ఏడాది ఆయుధపూజకు దాన్ని మెరిసే వైపు తిప్పి, నా వైపు చూసి ఆగాడు. గంధం గిన్నె నేనే పట్టుకుని ఆయన ముందు కూర్చున్నాను.