ఇంగ్లీషు బొమ్మ, వెంకోబన్న కత్తి

మైదాపిండి ఉడికేటప్పుడు అందులో చిటికెడు మైలతుత్తం వేస్తే ఒక వాసన వస్తుంది. ముక్కు లోపల గీరినట్టుంటుంది. పటాల వెనక కాగితం అంటించడానికి వాడే జిగురు అది, పురుగు పట్టదు. ఈ రోజు పొద్దున నా దుకాణంలో స్టవ్ మీద అది ఉడుకుతుంటే వెంకోబన్న గుర్తొచ్చాడు. గుర్తు రావడమంటే తీయగా కాదు. ఎవరో నన్ను వెనక నుంచి చూస్తున్నట్టనిపించి, నిజంగానే తిరిగి చూశాను.

రాయచూరు బజారులో పటాలు కట్టే వెంకోబన్న దగ్గర నేను పనికి చేరినప్పుడు ఆయనకు అరవై దాటాయి. నాకు పెళ్లయి రెండేళ్లు, ఇంట్లో ఊరికే కూర్చోలేని మనిషిని. ఆయనకు ఉర్దూ వచ్చు, కన్నడం వచ్చు, ఇంగ్లీషు అక్షరం రాదు. బిల్లులు రాయడానికీ ఫోన్‌లో వచ్చే మెసేజీలు చదవడానికీ నన్ను పెట్టుకున్నాడు. పటం ఎవరు తెచ్చినా సరే, దేవుడి బొమ్మయినా పెళ్లి ఫోటో అయినా, ఆయన మొదట దాన్ని బోర్లా తిప్పేవాడు. వెనక అట్ట, మేకులు, అంటించిన కాగితం అన్నీ చూశాకే బొమ్మ మొహం చూసేవాడు. ఒకసారి ముదగల్ నుంచి ఒకాయన తాతల నాటి చేతిచిత్రమని గొప్పగా తెచ్చాడు. వెంకోబన్న వెనక కాగితం గోటితో లేపి, లోపలున్న క్యాలెండర్ తేదీలు చూపించాడు. ఆయన వెళ్లాక నాతో అన్నాడు: “మొకం అందరూ కడుక్కొనే వస్తరమ్మా. ఎనక చూడు.”

నేను సహజంగానే అనుమానపు మనిషిని. కూరగాయలామె తక్కెడను కూడా వంగి చూసే రకం. ఆయన దగ్గర అది ఇంకా ముదిరింది. మా ఆయన నన్ను పోలీసు ఉద్యోగంలో చేర్చమని వెంకోబన్నతో చెప్పి నవ్వేవాడు.

అలాంటి రోజుల్లో సరోజమ్మగారి బొమ్మ దుకాణానికి వచ్చింది. ఆమె భర్త పత్తి మిల్లు నడిపినవాడు, బొమ్మలంటే ప్రాణం. లండన్ వెళ్లినప్పుడు ఒక ఇంగ్లీషు చిత్రకారుడు బొగ్గుతో గీసిన బొమ్మ కొని తెచ్చాడట. కుర్చీలో కూర్చున్న స్త్రీ వంగి చెప్పు విప్పుకుంటోంది, మొహం కనబడదు. ఇదేం బొమ్మ అని మొదట పెదవి విరిచాను. రెండో రోజుకు ఆ వంగిన మెడలో అలసట తెలిసి నాకే మెడ నొప్పి పుట్టింది. ఆయన పోయాక మిల్లు మూతబడింది, ఇంటి కప్పు కురుస్తోంది. సరోజమ్మగారు ఒక్కొక్క బొమ్మే అమ్ముతున్నారు. అన్నింటిలోకీ విలువైనది ఇదే. బెంగళూరు నుంచి ఒకాయన కొనడానికి ఒప్పుకున్నాడు, కానీ చట్రం విప్పి బొమ్మను విడిగా చూడాలన్నాడు. అప్పట్లో ఆ చట్రం కట్టింది కూడా వెంకోబన్నే కాబట్టి ఆయన దగ్గరికే పంపారు.

మామూలుగా అయితే పది నిమిషాల పని. వెంకోబన్న మూడు రోజులు విప్పలేదు. ఒకరోజు పనిముట్టు మొద్దుబారిందన్నాడు, ఒకరోజు గాలిలో తేమ ఉందన్నాడు. అన్నింటికన్నా నన్ను కలవరపెట్టింది వేరే: ఆ పటాన్ని ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిప్పలేదు. ఈలోగా బెంగళూరాయన, ఈ బొమ్మ లండన్‌లో అమ్ముడైనప్పటి కేటలాగులోని ఫోటో పంపాడు. అందులో స్త్రీ పాదం కింద నేల గీత ఉంది, దాని కింద చిత్రకారుడి సంతకం ఉంది. మా ముందున్న దానిలో పాదం దగ్గరే చట్రం అడ్డొస్తోంది. ఫోటో చూపిస్తే వెంకోబన్న కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నన్ను అద్దం తెమ్మని స్టేషన్ రోడ్డుకు పంపాడు. తిరిగి వచ్చేసరికి తలుపు ఓరగా వేసి, పటం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అసలు బొమ్మ ఎప్పుడో చేతులు మారిందని, ఇది నకలని నాకు ఖాయమైపోయింది. అడగొచ్చు కదా? అడగలేదు. ఇంటికి వెళ్లి సరోజమ్మగారి కోడలికి ఫోన్ చేసి, వెంకోబన్న బొమ్మ మార్చాడేమో చూసుకోండి, నా పేరు మాత్రం చెప్పకండి అన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి సరోజమ్మగారు, కోడలు, బెంగళూరాయన దుకాణంలో ఉన్నారు. మాట ఎలా పాకిందో, ఇరుగుపొరుగు దుకాణాలవాళ్లు మెట్ల మీద నిలబడ్డారు. కోడలు నా వైపు చూడలేదు. వెంకోబన్న అందరినీ ఒకసారి చూసి, పటం బోర్లా తిప్పి, మేకులు ఒక్కొక్కటే పీకాడు. బొమ్మ బయటికి తీశాడు. మూడు అంచులు చేత్తో చింపినట్టు గరుకుగా ఉన్నాయి, కింది అంచు మాత్రం కత్తితో తీసినట్టు నున్నగా ఉంది.

“బొమ్మ అసలుదే,” అన్నాడు. “కోసింది నేను. అయ్య టేకు ఫ్రేము ముందే చేయించి పెట్టిండు. కాగితం రెండు వేళ్లు ఎక్కువైంది. దేవుని పటాలకు అంచులు కోస్త కదా, గిట్లనే కోసిన. కింద ఇంగ్లీషుల ఏదో గీకినట్టుండె. కంపెనీ పేరనుకున్న, అయ్యకు చెప్పలే. ఈ మూడు దినాల సంది చెప్పనీకె నోరు రాలే.”

కోసిన ముక్క ఏమైందని బెంగళూరాయన అడిగితే, అప్పుడే చెత్తలో పోయిందన్నాడు. బెంగళూరాయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. గీతలన్నీ ఫోటోతో సరిపోయాయి, బొమ్మ నిజమైనదేనన్నాడు. కానీ సంతకం లేనిదానికి మొదట అనుకున్న ధర ఇవ్వలేనన్నాడు. సరోజమ్మగారు తక్కువకే ఒప్పుకున్నారు. వెళ్తూ వెళ్తూ, “మా ఆయన ఉన్నప్పుడే చెప్పి ఉంటే బాగుండేది వెంకోబా” అని మాత్రం అన్నారు. ఆమె తిట్టి ఉంటే ఆయనకు తేలికయ్యేది.

ఆ తర్వాత ఆయన కత్తి పట్టలేదు. కోతలన్నీ నాకే అప్పగించి, పక్కన కూర్చుని చూసేవాడు. పాత ఖాతాదారులు కొందరు తమ పటాలు విప్పించి అంచులు చూసుకుని వెళ్లారు. ఆయన అభ్యంతరం చెప్పలేదు, తనే మేకులు పీకి చూపించాడు. నేను పక్క నుంచి చూస్తూ సిగ్గుతో చచ్చాను.

ఒక సాయంత్రం దుకాణం మూస్తూ అన్నాడు: “నేను బొమ్మ మార్చిన్నని కోడలమ్మకు ఎవరో చెప్పిండ్రంట. వాళ్లెవరో తెలిస్తే దండం పెడుదును. లేకుంటే ఇంగా ఎన్ని దినాలు దాస్తుంటినో.” అని నా మొహంలోకి చూశాడు. తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? నేను తాళం వేస్తున్నట్టు నటించాను.

ఆయన పోయి నాలుగేళ్లయింది. దుకాణం నాకే ఇచ్చి వెళ్లాడు. ఎవరి కాగితం అంచు కోయాల్సి వచ్చినా, ఇంత కోస్తున్నానని వాళ్లకు చూపించి, ముక్కను కవరులో పెట్టి చేతికిస్తాను. మంచి పద్ధతని అందరూ మెచ్చుకుంటారు. బజారంతా చూస్తుండగా ఆయన తన తప్పు చెప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఆ మెట్ల మీద ఉన్నది మేమిద్దరమే, ఆయన నాకు దండం పెడతానంటున్నాడు, ఆ ఫోన్ చేసింది నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.