తాడు పట్టినవాళ్ళ నీడ

మొన్న మా తమ్ముడి కూతురు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. అది విజయనగరంలోనే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తోంది. వాతావరణ మార్పు, సామాజిక న్యాయం రెండూ కలిసొచ్చే పనులు చేసే సంస్థలకు గ్రాంటు ఇస్తామని మునిసిపాలిటీవాళ్ళు ప్రకటించారట. మీ రోజుల్లో ఇలాంటివి ఉండేవా అత్తా అని అడిగింది. ఉండేవి గాని ఇంత పెద్ద పేర్లు లేవు, మేము దాన్ని నీడ అనేవాళ్ళం అన్నాను.

నేనూ అలాంటి సంస్థలోనే పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సంస్థ అంటే ఒక అద్దె గది, రెండు కుర్చీలు, దాన్ని నడిపే ఒక పెద్దాయన. మా మేనత్త భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు నుంచి తొలి బస్సులో చేపల గంపతో వచ్చి, తన ఊరి ఆడవాళ్ళతో పాటు విజయనగరం బజారు చివర రోడ్డు పక్కనే కూర్చుని అమ్మేది. మీలో చాలామంది అలాంటి గంపల దగ్గర బేరమాడినవాళ్ళే, ఆ ఎండలో వాళ్ళెలా కూర్చునేవారో మనకెవరికీ పట్టలేదు. ఒక వేసవిలో మేనత్త వడదెబ్బ తగిలి గంప మీదికే ఒరిగిపోయింది. బతికి బయటపడింది గాని మునుపటి మనిషి కాలేదు, ఇంకో వేసవి ఆ రోడ్డు మీద తట్టుకుంటుందా అని ఇంటిల్లిపాదికీ బెంగగా ఉండేది.

ఆ మరుసటి ఏడు మునిసిపాలిటీవారు వేసవి పనుల కోసం సంస్థలకు గ్రాంటు ఇస్తామంటే, చేపలమ్మే ఆడవాళ్ళకు తాటాకు పందిరి, దాని వెనక కానుగ మొక్కలు అని మా పెద్దాయన రాసి పంపారు. మంజూరైంది. సగం డబ్బు ముందు, మిగతా సగం పని చూసుకున్నాక. ముందొచ్చిన దాంతో రాటలు పాతి మొక్కలు నాటాం, కప్పు వేయడానికి మిగతాది రావాలి.

ఇక్కడ మా ఒడ్డు సంగతి ఒకటి చెప్పాలి. పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసినవాళ్ళందరికీ, ఎవరింటివాళ్ళని అడగకుండా, పడిన చేపల్లో ఎంతో కొంత పెడతారు. మేనత్త వాళ్ళు ఆ అలవాటును గంపలతో పాటు పట్నానికి తెచ్చేసుకున్నారు. రాటలకు గుంతలు తవ్విపెట్టిన చెప్పులు కుట్టే తాతకీ, మొక్కలకు నీళ్ళు మోసిన ఆకుకూరల అవ్వకీ కప్పు లేని పందిట్లో అప్పుడే చోట్లు ఇచ్చేశారు. పని చూడటానికి వచ్చిన ఆఫీసరుగారు చెడ్డవాడేమీ కాదు. ఇది చేపలవాళ్ళ కోసం ఇచ్చిన గ్రాంటు, వేరేవాళ్ళుంటే నేను సంతకం పెట్టలేనన్నాడు. ఆయన ఉన్న కాసేపూ ఆ ఇద్దరినీ అవతలికి పంపమని పెద్దాయన నా చెవిలో చెప్తే, నేను వెళ్ళి మేనత్తకు చెప్పాను.

“ఒసే గుంటా, తాడట్టినోలికి వాటా నేదని ఏ నోటితో సెప్పమంటావే? ఆల్లు నెగిస్తే మేమూ నెగిసిపోతాం” అంది.

అందరికంటే నీడ అవసరమైన మనిషి ఆ మాట అంటుంటే నాకు కోపమూ దుఃఖమూ కలిసొచ్చాయి. అన్నంత పనీ చేసి అందరూ లేచి, గంపలెత్తుకుని రోడ్డు మీదికొచ్చేశారు. కప్పు లేని పందిట్లోంచి ఎండలోకి రావడమేమిటని నాకు నవ్వూ వచ్చింది గాని, ఆఫీసరుగారికి రాలేదు. మిగతా సగం రానే లేదు. పెద్దాయన చాన్నాళ్ళు నాతో ముభావంగానే ఉన్నారు. చివరికి ఆడవాళ్ళే బస్సుల మీద తాటాకు తెచ్చి కప్పుకుని, గాలికి లేచిపోకుండా పైన పాత వల బిగించారు. దాని కింద మేనత్త ఆ వేసవినీ, తర్వాత చాలా వేసవులనూ దాటింది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు పందిరి పోయింది గాని కానుగలు మిగిలాయి. నిన్న మేనకోడలితో వెళ్ళి చూశాను. చెట్ల కింద పసుపు గీతలు గీసి, చేపలవాళ్ళకు నంబర్లు వేసి చోట్లిచ్చారు, ఎవరి గడిలో వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. ఆకుకూరల అవ్వ మనవరాలు గీతకు ఇవతల, నెత్తిన తువ్వాలు వేసుకుని ఎండలో కూర్చుంది. ఆ చెట్లకు నీళ్ళు పోసింది మీ మామ్మేనని చెప్తే వింతగా చూసింది. పొద్దు వాలితే నీడ ఇటే వస్తాది లెమ్మా అంది. కాస్త జరగండర్రా అనడానికి అక్కడ మా మేనత్త లేదు. నేను అనబోయాను గాని, ఆ గడులన్నీ నిండే ఉన్నాయి.