కుర్మయ్యను నేను పిలిచిన రాత్రి

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం టీ గ్లాసు ఇక్కడే పెట్టి లేచి వెళ్లిపోతాను. నాలుగేళ్లు చిక్కడపల్లి లైబ్రరీలో మీతో ఒకే బల్ల దగ్గర కూర్చుని గ్రూప్స్‌కి చదివాను. ఒక్కసారైనా కథలు అల్లానా? హాస్టల్లో మీరంతా దెయ్యాల కబుర్లు చెప్పుకుంటుంటే దుప్పటి కప్పుకుని గురక పెట్టి పడుకున్నదాన్ని నేను. మా అమ్మ మీద ఒట్టు... ఇది జరిగింది. నాకే జరిగింది. ఈ అశోక్ నగర్ టీ కొట్టు నుంచి పది నిమిషాలు నడిస్తే ఆ గల్లీ వస్తుంది.

నేనిప్పుడు ఏం పని నేర్చుకుంటున్నానో మీకు తెలుసు. తెలిసి కూడా "శవాల ఉద్యోగం" అంటారు. మా అమ్మ ఇంకా నయం, చుట్టాలతో "ఈవెంట్లు చేస్తుంది" అని చెప్పుకుంటోంది. సరే, మళ్లీ చెప్తాను, వినండి. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఇంటివాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. ఎవరో పెద్దమనిషి వచ్చి గబగబా కానిచ్చేస్తాడు. అలా కాకుండా, పోయిన మనిషికి తగ్గట్టుగా సాగనంపేలా మేం పక్కన ఉండి ఏర్పాట్లు చేయిస్తాం. ఏ చొక్కా అంటే ఇష్టం, ఏ పాట వినేవాడు, ఎవరు భుజం పట్టాలి... అన్నీ అడిగి ఒక పుస్తకంలో రాసుకుంటాం. నారాయణగూడలో ఒక టైలర్ షాపు పైన రెండు గదుల్లో మాకు ట్రైనింగ్. నేర్పేది విజయక్క.

ఆ పుస్తకంలో మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "ఏ పేరుతో పిలిస్తే తిరిగి చూసేవారు?"

ఆధార్ కార్డు మీద పేరు కాదు. మనిషి తిరిగి చూసే పేరు. ఎందుకంటే దింపుడు కళ్లం ఉంటుంది కదా. శ్మశానానికి తీసుకెళ్తూ దారిలో పాడె కిందికి దించి, చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పలుకుతాడేమోనని, ఆఖరి ఆశ. అప్పుడు ఇంటివాళ్లకి గొంతు పెగలకపోతే పక్కనున్న మేం పిలవాలి. అందుకే మాకు పిలవడం కూడా నేర్పుతారు. నేను మొదటిసారి పిలిస్తే విజయక్క తల పట్టుకుంది.

"బడిల హాజరు పిలిచినట్టు పిలుస్తున్నవేంది శైలూ? అన్నానికి పిలిచినట్టు పిలువాలె. ఇంగొకటి... ఇంట్ల అద్దం ముంగట ఎన్నిసార్లన్న పిలుసుకో. మనిషి పండుకున్న కాడ మాత్రం నేర్సుకోవద్దు. అక్కడ గా మూడుసార్లే పిలిచేది, అసలు టైముకే."

ఎందుకని అడిగాను. "వద్దంటె వద్దు" అంది. నాకు అలాంటి జవాబులు ఒంటికి పడవని మీకు తెలుసు.

కుర్మయ్య నా మూడో ఇల్లు. అక్క లేకుండా ఒక్కదాన్నే చూసిన మొదటి ఇల్లు. పాలమూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడి బస్తీలో కిరాయికి ఉంటున్న తాపీ మేస్త్రి. పనికి వెళ్లిన గంటన్నరకే గుండె ఆగింది. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం నేనే కళ్లారా చూశాను. తర్వాత మీరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను.

ఇంటి ముందు గల్లీలో టార్పాలిన్ కట్టి, దాని కింద ఫ్రీజర్ బాక్స్ పెట్టారు. పై మూత అద్దం. తల దగ్గర దీపం. కుర్మయ్య తల్లి ఊరి నుంచి బయల్దేరింది, ఆమె వచ్చాకే పొద్దున ఎత్తాలి. భార్య రెండుసార్లు స్పృహ తప్పితే లోపల పడుకోబెట్టారు. కూతురు రజిత... పంతొమ్మిదేళ్లుంటాయి. ఒక్క చుక్క కన్నీరు లేదు. నేను పుస్తకం తీసేసరికి తనే వచ్చి పక్కన కూర్చుంది.

"పొద్దున పోయేటప్పుడు గల్లీలకెళ్లి రెండుసార్లు పిలిచిండక్కా నన్ను. టిఫిన్ డబ్బ మర్చిపోయిండు, అందియ్యమని. నాకు ఇనవడ్డది. దోస్తు వాళ్లక్క పెండ్లికి పోనియ్యలేదని కోపం మీదున్న. పలుకలే. ఆయనే మల్ల మెట్లెక్కొచ్చి తీస్కపోయిండు. నా మొఖం దిక్కు చూసిండు గూడ..."

పెన్ను మూత పెట్టాను. అలాంటప్పుడు ఏం అనకూడదని కూడా నేర్పారు.

"రేపు నేనే పిలుస్త," అంది. "పలుకడని నాకు తెల్వదా? గని ఇనవడాలె. సరిగ్గ పిలిస్తే ఇనవడ్తది కదక్కా?"

ఇక్కడే వచ్చింది పరేషాన్. రజిత మేనమామ చెప్పాడు, వాళ్లలో ఆ సమయానికి వరస ఒక్కటే పెట్టి పిలవరట, పేరు కూడా కలిపి పిలవాలట. సరే, ఏ పేరు? భార్య మొగుడి పేరు నోట పలకదు, "మా రజిత నాయిన" అంటుంది. బావమరిది "బావ" అంటాడు. పనిలో, బస్తీలో అందరికీ "మేస్త్రి". ఇరవై ఏళ్లుగా ఈ పట్నంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు! ఆధార్‌లో చూసి "కుర్మయ్య" అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. ఎలాగైనా సరైన పేరు కనుక్కోవాలి, ఆ పిల్లకి ఇవ్వాలి. ఆ రాత్రి నా బుర్రలో అదొక్కటే.

మూడు అవుతుండగా కూర్చున్న మగవాళ్లు టీ తాగొస్తామని గల్లీ చివరికి వెళ్లారు. తల్లి మూలుగుతోందని రజిత లోపలికి వెళ్లింది. "జర చూడు అక్కా, ఒక్కన్నే వదలద్దు," అని చెప్పి మరీ వెళ్లింది.

నేను... ఆయన. ఫ్రీజర్ మిషన్ గుర్రుమంటోంది. ఎదురింటి అరుగు మీద ఎవరో ముసలావిడ ముసుగు కప్పుకుని కూర్చుని ఉంది. బస్తీలో ఆవిడే అనుకున్నాను.

రేపు రజిత గొంతు పెగలకపోతే? నేను పిలవాలి కదా? హాజరు పిలిచినట్టు పిలిస్తే? ఆ భయంతో... చేయకూడని పని చేశాను. అవును, అక్క వద్దంది. ఎవరు వింటారులే అనుకున్నాను.

వంగాను. అద్దానికి దగ్గరగా. మెల్లగా...

"కుర్మయ్యా..."

"కుర్మయ్యా..."

"కుర్మయ్యా..."

మిషన్ ఆగింది. అది మామూలే. చల్లదనం సరిపోతే దానంతటదే ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. సాయంత్రం నుంచి చూస్తూనే ఉన్నాను. కానీ ఆగాక తెలిసింది, గల్లీలో ఇంకే చప్పుడూ లేదని. కుక్కలు లేవు. మెయిన్ రోడ్డు మీద లారీ లేదు. దీపంలో వత్తి చిటపటలాడటం వినిపిస్తోంది.

అరుగు మీద నుంచి ముసలావిడ అంది...

"గట్ల పిలిస్తె వాడు పలుకడు బిడ్డా. పెంటిగా అను."

నాకు భయం వేయలేదు. నిజం చెప్తున్నా, సంతోషం వేసింది! పేరు దొరికింది అనుకున్నాను. "సరే అవ్వా," అని పుస్తకంలో కుర్మయ్య కొట్టేసి "పెంటయ్య" అని రాశాను. ముద్దుగా పెంటిగాడు అంటారు కాబోలు అనుకున్నాను. ఆ ఊపులోనే మళ్లీ వంగాను. ఈసారి బాగా వచ్చింది గొంతు. అక్క చెప్పినట్టే, అన్నం వడ్డించి పిలిచినట్టే.

"పెంటిగా..."

ఒక్కసారే అన్నాను.

"ఊఁ."

...

గట్టిగా కాదు. నిద్రలో ఉన్నవాణ్ని పిలిస్తే కళ్లు తెరవకుండానే అంటారు చూడండి, అలా. మగ గొంతు. అద్దం కింద నుంచి. మిషన్ ఆగే ఉంది. ఒట్టు, ఆగే ఉంది.

నేను కదల్లేదు. కదలడం రాలేదు. ఆయన నోటికి సరిగ్గా పైన అద్దం మీద ఆవిరి మచ్చ... రూపాయి బిళ్లంత. మంచు అనుకుని చున్నీతో తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచాను. మచ్చ లోపలి వైపు ఉంది.

మహేష్, నోరు మూయి. నువ్వు అడగబోయేది నాకు తెలుసు. మూత తెరిచాను. బతికుంటే ఎలాగా అని ఎత్తాను. బుగ్గ మీద చెయ్యి పెట్టాను. రాయి. మంచుగడ్డ. ముక్కులో దూది అలాగే ఉంది. నోరు తెరుచుకోకుండా దవడ కింద నుంచి తల మీదికి గుడ్డ కట్టి ఉంది. నోరు కట్టేసిన మనిషి పలకగలిగింది ఆ "ఊఁ" ఒక్కటే కదా అని అప్పుడు తట్టింది నాకు. అలా తట్టకుండా ఉంటే బాగుండేది.

మిషన్ ఒక్కసారిగా గుర్రుమంది. నేను అరిచాను. మూత వేసి చూస్తే ఆవిరి లేదు. అరుగు మీద ముసలావిడ లేదు. రజిత పరిగెత్తుకొచ్చి "ఏమైందక్కా?" అంది. "పిల్లి," అన్నాను. ఎదురింటి అవ్వ ఎటు వెళ్లిందని అడిగితే, "ఆ ఇంటికి తాళం ఉంది కదక్కా, నెలైంది," అంది.

నాలుగున్నరకి ఊరి నుంచి బండి వచ్చింది. కుర్మయ్య తల్లిని ఇద్దరు పట్టుకుని దించారు. ఏడుస్తూ రాలేదు ఆవిడ. పెట్టె దగ్గరికి వచ్చి అద్దం మీద రెండు చేతులూ పెట్టి, "పెంటిగా, వచ్చిన్రా," అంది.

నేను పెట్టె వదిలి వెనక్కి జరిగాను. పేరు వల్ల కాదు. గొంతు వల్ల. అరుగు మీద విన్న గొంతు అదే!

ఎవరూ అడగకుండానే చెప్పుకుంటోంది. "వీనికంటె ముంగల ముగ్గురు పుట్టి పోయిండ్రు. వీడు పుట్టంగనే పెంట మీద పండవెట్టి, పక్కింటామెకు తౌడిచ్చి కొనుక్కున్న. పెంటయ్య అని పేరువెడితె సావు కండ్లవడదన్నరు. పట్నమొచ్చినంక సిగ్గయితుందని కుర్మయ్య అని రాయించుకుండు, నలుగుట్ల గా పేరుతోని పిలువొద్దని బతిమిలాడిండు. నేనొక్కదాన్నే పిలుస్త, ఎవలు లేనప్పుడు."

రజిత నోరు తెరిచి చూస్తోంది. తండ్రికి అలాంటి పేరుందని ఆ పిల్లకీ అప్పుడే తెలిసింది.

ముసలమ్మ అప్పుడు నా వైపు తిరిగింది.

"బండ్ల కన్నంటుకున్నది నాకు, షాద్‌నగర్ కాడ. కలల ఎవలో ఆడివిల్ల వీణ్ని పేరు పెట్టి పిలుస్తున్నది, వీడు పలుకుతలేడు. గట్ల కాదు బిడ్డా అని జెప్పిన. నువ్వేనా పిలిచింది?"

తర్వాత డ్రైవర్‌ని పక్కకి పిలిచి, షాద్‌నగర్‌లో ఎన్నింటికి ఉన్నారని అడిగాను. మూడు దాటింది మేడం అన్నాడు.

పొద్దున ఎత్తారు. మలుపు దగ్గర పాడె దించారు. రజిత మోకాళ్ల మీద కూర్చుని చెవి దగ్గరికి వంగింది. గొంతు రాలేదు. తల ఎత్తి నా వైపు చూసింది. పిలవాల్సింది నేను. అదే నా పని. నా నోరు తెరుచుకోలేదు. మళ్లీ పలికితే...? పలకకపోతే...? రెండింటికీ భయమేసింది నాకు. ముసలమ్మ మనవరాలి వీపు మీద చెయ్యి వేసి, "పిలువు బిడ్డా, ఇయ్యాల తప్పు లేదు," అంది.

"పెంటయ్య నాయినా..." అంది రజిత. మూడుసార్లు. నాకంటే ఎంతో బాగా పిలిచింది. పిలిచి, ఆయన నోటి దగ్గర చెవి పెట్టి అలాగే ఉండిపోయింది. మోసేవాళ్లు నిలబడ్డారు. డప్పు ఆగింది. చివరికి మేనమామ లేపాడు. అప్పుడు ఏడ్చింది, మొదటిసారి.

"పలుకలే అక్కా," అంది నన్ను పట్టుకుని.

విజయక్కకి చెప్పాను. తిట్టలేదు. నిద్ర లేక అలా అనిపిస్తుందిలే అంది. కావచ్చు. మిషన్ చప్పుడూ కావచ్చు. బస్తీలో ఇంకో ముసలావిడ ఉండొచ్చు. నేను వాదించను. కానీ పుస్తకం ఇదిగో, చూడండి. కుర్మయ్య కొట్టేసి ఉంది. కింద పెంటయ్య. నా చేతిరాతే. ముసలమ్మ బండి దిగడానికి గంటన్నర ముందు రాశాను.

నాకు నిద్ర పట్టనిది అందుకు కాదు. ఆ గొంతు నిజమైతే, ఆయన ఒక్కసారి పలికాడు. ముక్కూ మొహం తెలియని నాకు పలికాడు, ప్రాక్టీసు కోసం పిలిచిన నాకు. అది ఆ పిల్లకి రావాల్సింది. నేను ముందే పిలిచి వాడేశాను.

నిన్న రజిత ఫోన్ చేసింది. "నాయిన నా మీద కోపంతోనే పోయిండా అక్కా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "నీకెట్ల ఎరుక?" అంది. ఆ "ఊఁ"లో కోపం లేదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. నిజంగా లేదు. అదొక్కటి మాత్రం నాకు ఖాయంగా తెలుసు. అయినా చెప్పలేదు.

నమ్మదని కాదు. నమ్ముతుంది. నమ్మి, "ఇంకొక్కపారి పిలువు అక్కా, నేను పక్కన్నే ఉంట," అంటుంది.