గఫార్ బెజ్జం పెట్టడు

ఆత్మకూరు బస్టాండు పక్క సందులో గఫార్‌ది ఆటో ఎలక్ట్రికల్ షాపు. హారన్, లైట్లు, స్పీకర్లు, వెనక కెమెరా, ఏది బిగించమన్నా బిగిస్తాడు. బండి రేకుకు డ్రిల్లింగ్ మిషన్ మాత్రం ఆనించడు. అసలు ఆ మిషనే షాపులో లేదు. "మీ ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా మస్తాన్బీ కొట్టాల్సిందేనంట గదా" అని తోటి మెకానిక్కులు ఆటపట్టిస్తారు. మస్తాన్బీ అతని భార్య. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

దీనంతటికీ కారణం ఒక అంబాసిడర్ కారు. ముప్పై ఏళ్ల కిందట అనంతసాగరం రైతు వెంకటరమణయ్య, రేడియో ఏరియల్ పెట్టించుకుందామని ఆ కారు తెచ్చాడు. అప్పుడే షాపు తెరిచిన గఫార్ మహా హుషారుగా కారు నెత్తిన బెజ్జం చేసి ఏరియల్ నిలబెట్టాడు. చుట్టూ లప్పం పూసి, తన పనితనానికి తానే మురిసిపోయాడు. ఆ నెలలోనే వాళ్లు పెళ్లికి పోతుంటే దోవలో వాన పట్టుకుంది. నీళ్లు సరిగ్గా వెంకటరమణయ్య భార్య పట్టుచీర మీదికి ధారగా దిగాయి. రెండేళ్లకు నెత్తి రేకు మొత్తం తుప్పు పట్టిపోయింది.

ఆయన వచ్చి నాలుగు తిట్లు తిట్టి ఉంటే గఫార్ ఎప్పుడో మరిచిపోయేవాడు. ఆయన తిట్టలేదు. ఆ సందులోకి రావడమే మానేశాడు. ట్రాక్టరుకు బల్బు పోయినా నెల్లూరే తోలుకుపోతాడు. ఎక్కడైనా ఎదురుపడితే ముఖం పక్కకు తిప్పుకుంటాడు. అలా తిప్పుకున్న ప్రతిసారీ గఫార్ మనసు చివుక్కుమంటుంది.

మొన్న తుఫాను ముంచుకొస్తోందని టీవీలన్నీ గోల పెడుతున్న రోజు, పొద్దున్నే ఒక తెల్ల కారు షాపు ముందు ఆగింది. దిగిన అమ్మాయి నవ్యశ్రీ. కాలేజీలో పాఠాలు చెబుతుంది. లైసెన్సు ఉన్న హామ్ రేడియో మనిషి కూడా. సెల్ టవర్లు పడిపోతే మర్రిపాడు, ఉదయగిరి వైపు ఊళ్ల కబుర్లు వైర్‌లెస్‌లో అందించే పని ఆమెకు అప్పగించారు.

"సాయంత్రానికి కారు మీద యాంటెన్నా నిలబడాల గఫార్ భాయ్. గీత కూడా పడకూడదు. మీరు బెజ్జం పెట్టరని ఊరంతా చెప్పినారు."

"కారు ఎవరిదమ్మా?"

"మా నాయనది. అనంతసాగరం వెంకటరమణయ్య. పొలం పోయినాడు, చెప్పకుండా తెచ్చినాను."

గఫార్ తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. వద్దని పంపించేద్దామా అనిపించింది. కానీ తుఫాను ఆగదు గదా. ఆమె తెచ్చిన యాంటెన్నా అడుగున అయస్కాంతం దిమ్మ ఉంది, రేకుకు అదే అతుక్కుంటుంది. కారు నెత్తిన దుమ్ము గీతలు పెడుతుందని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాడు. దిమ్మ అడుగూ తుడిచాడు. అయినా భయం తీరలేదు. అనుమసముద్రంపేట దర్గా నుంచి తెచ్చిన పచ్చగుడ్డ షాపులో ఉంటే, దాన్ని నాలుగు మడతలు వేసి కింద పరిచి పైన దిమ్మ పెట్టాడు. రంగూ భద్రం, దీవెనా ఉంటుందనుకున్నాడు.

నవ్యశ్రీ రేడియో ఆన్ చేసింది. మీటర్లో ముల్లు ఎర్రగీత దాటిపోయింది.

"గుడ్డ మందంగా ఉండాది భాయ్. దిమ్మ రేకుకు ఆనితేనే యాంటెన్నా పనిచేసేది. పైగా ఇట్టుంటే బండి కదిలినప్పుడు జారి గీతలు పెడతాది."

గఫార్ గుడ్డను కళ్లకద్దుకుని కారు లోపలి అద్దానికి కట్టాడు. ఈసారి దిమ్మను ఈడ్చకుండా, ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చాడు. టక్కున పట్టుకుంది. ముల్లు వెనక్కి వచ్చింది. వైరును వెనక డోరు రబ్బరు కిందినుంచి లోపలికి తీశాడు. లోపలికి పోయే ముందు కాస్త కిందికి వేలాడేలా వంపు పెట్టాడు, నీళ్లు ఆ వంపు దగ్గరే బయటికి రాలిపోయేలా. ఆ రోజు ఈ బుద్ధి ఏమైందిరా అని తనను తానే తిట్టుకున్నాడు.

అప్పుడే షేర్ ఆటో దిగి వెంకటరమణయ్య సందులోకి వచ్చాడు. కారు ఇక్కడుందని ఎవరో ఫోన్ చేసి చెప్పారట.

"బెజ్జం పెట్టినావా?"

ముప్పై ఏళ్ల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. గఫార్ దిమ్మ అంచు పట్టి లేపి, యాంటెన్నాను ఆయన చేతిలో పెట్టాడు. పెద్దాయన స్టూలెక్కి కారు నెత్తిని అరచేత్తో తడిమాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏం లేదే."

"లేదన్నా. ఆ తర్వాత ఏ బండికీ పెట్టలా."

వెంకటరమణయ్య స్టూలు దిగి, యాంటెన్నా తిరిగి ఇచ్చాడు. "మళ్లా పెట్టు. నేను చూస్తా."

పెట్టాక తండ్రీకూతుళ్లు అనుమసముద్రంపేట దాకా పోయి రేడియో అందుతుందో లేదో చూసొస్తామని బయల్దేరారు. వాళ్లు సందు దాటారో లేదో వాన దంచి కొట్టింది. గఫార్ షాపులో కూర్చోలేక, నిలబడలేక అల్లాడిపోయాడు. వచ్చిన గిరాకీని కూడా రేపు రమ్మన్నాడు.

గంట తర్వాత కారు వచ్చి ఆగింది. వెంకటరమణయ్య అద్దం కాస్త దించి, భుజం మీది కండువా తీసి గఫార్ చేతికిచ్చాడు. పొడిగా ఉంది.

"ఒక్క చుక్క పడలా. మీ వదినకు చెప్తా, చీర సంగతి ఇంక ఎత్తొద్దని. తుఫాను పోనీ, ట్రాక్టరు తోలుకొస్తా. లైట్లు వెలగడంలా."

"తోలుకురండన్నా" అన్నాడు గఫార్. గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. ఆ రోజు షాపు పెందలాడే మూసి, వానలో తడుస్తూనే ఇంటికి పోయి, వెంకటరమణయ్య ట్రాక్టరు తెస్తానన్నాడని మస్తాన్బీకి మూడుసార్లు చెప్పాడు.