నా తొలి ఆల్బంలో రెండో గొంతు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు, నా గొంతు విలువ నాకు తప్ప ఇంకెవరికీ తెలియదని గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఇప్పుడు సగానికి తగ్గింది, మిగతా సగం ఇంకా వదల్లేదు.) వారమంతా బందరులో రోల్డ్ గోల్డ్ నగల షాపులో "ఈ జుంకాలు మీకు బాగా నప్పుతాయండీ" అని మెత్తగా మాట్లాడేదాన్ని, ఆదివారం మాత్రం హెవీ మెటల్ పాడేదాన్ని. అంటే, డ్రమ్ములూ గిటార్లూ హోరెత్తిపోతుంటే వాటిని మించి పొట్టలోంచి గర్జించడమన్నమాట. గుడివాడలో మా పాత బ్యాండు వాళ్ళు "ఆడపిల్లవి, మెలొడీ పాడుకో" అని నన్ను పక్కన పెట్టేశారు. ఆ ఉక్రోషంతో బందరులో మరో ముగ్గురితో కలిసి కొత్త బ్యాండు పెట్టాను. మా తొలి ఆల్బం రావాలి, గుడివాడ వాళ్ళు విని కుళ్ళుకోవాలి. నా జీవితాశయం అంతే.

బందరులో మేం మొదలెడితే చాలు, పక్కింటివాళ్ళు తలుపులు బాదేవారు. అందుకని డ్రమ్మర్ వాళ్ళ మావయ్యగారు కోడూరు దగ్గర రొయ్యల చెరువు గట్టు మీదున్న మేత షెడ్డు ఇచ్చారు. మేత బస్తాలు గోడల్లా పేరిస్తే ప్రతిధ్వని ఉండదని మా గిటారిస్టు సిద్ధాంతం. (నిజంగానే లేదు. మేతలోని చేపపొడి వాసన మాత్రం నెల రోజులు నా జుట్టులోంచి పోలేదు.) ఈ గిటారిస్టుని అందరం బావ అనేవాళ్ళం, లాప్‌టాప్‌లో రికార్డు చేసే పనీ అతనిదే. మొదటి ఆదివారం బావ గిటారు శ్రుతి చేసుకోవడంతోనే సరిపోయింది. రెండో ఆదివారం మావయ్యగారు గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, నువ్వు పాడుతుంటే రొయ్యలు మేత ముట్టడం లేదమ్మా. కాస్త నెమ్మదిగా అరవకూడదూ?" అన్నారు. నెమ్మదిగా అరవడం ఎలాగో ఆయనైనా చూపిస్తే బాగుండేది! మూడో ఆదివారం ఎలాగో కిందా మీదా పడి ఐదు పాటలు పూర్తి చేశాం. ఆ పై ఆదివారం దాటితే కొత్త మేత లోడు దిగుతుంది, షెడ్డులో ఇక చోటుండదు. మిగిలింది నాలుగో ఆదివారం ఒక్కటే, ఆరో పాట ఒక్కటే, దాని చివర ఒక పెద్ద కేక.

ఆ కేక పదకొండుసార్లు పెట్టాను. పదకొండుసార్లూ బావ "ఇంకొక్కటి" అన్నాడు. పన్నెండోసారి ఒళ్ళు మండిపోయి, కళ్ళు మూసుకుని, ఉన్న ప్రాణమంతా పెట్టి అరిచాను. తలుపు ధడేల్మంది. మోకాళ్ళదాకా నాట్ల బురదతో ముగ్గురు ఆడవాళ్ళు లోపలికి దూసుకొచ్చారు. ముందున్న పెద్దావిడ, "అయ్యో తల్లీ! ఎక్కడ కరిచిందే? కాలా, చెయ్యా? కదలకు!" అంటూ తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి నా కాలికి బిగించేసింది. (దివిసీమ పొలాల్లో అలాంటి కేక వినపడితే ఎవరికైనా ముందు పామే గుర్తొస్తుంది.) "పాటండీ" అందామంటే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. "చూశారా, మాట పడిపోయింది!" అని ఆవిడ గొల్లుమంది. మావాళ్ళేమైనా చెప్తారేమోనని చూశాను. బావ హెడ్‌ఫోన్లు తియ్యలేదు. డ్రమ్మర్ నిజంగానే పాముందేమోనని స్టూలెక్కాడు. బాస్ గిటారు వాయించేవాడు ముందు తన గిటారుకి బురద తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు.

రెండు నిమిషాల్లో నేను బైకు మీద, ఆవిడకీ, పక్క చేలోంచి బైకేసుకొచ్చిన ఆవిడ మరిదికీ మధ్య ఉన్నాను. దారంతా "నిద్రపోకే, నిద్రపోకు" అని ఆవిడ నా చెంపలు వాయిస్తూనే ఉంది. ఆసుపత్రిలో డాక్టరుగారు కాళ్ళూ చేతులూ వెతికి, గాటు కనపడక నా మొహం చూశారు. కాగితం అడిగి "పాట పాడుతున్నానండీ" అని రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, "ఏం పాటమ్మా అది?" అన్నారు. ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. ఆవిడేమో బల్ల మీద కూలబడి, "పోన్లే, ఏం కాలేదు కదా" అని కళ్ళు తుడుచుకుంది. అప్పుడే బావ ఫోను: "టేక్ అదిరింది! ఆవిడ గొంతు కూడా పడిందిలే, ఉంచేద్దాం." వద్దనడానికి నాకు మాటే లేదు. తర్వాత ఓటింగు పెడితే ఒక చెయ్యి నాది, ఎదురు మూడు.

ఆల్బం నెట్‌లో పెట్టిన వారానికి గుడివాడ నుంచి మెసేజ్ వచ్చింది: "నీ కేక పర్లేదు. చివర్లో 'కదలకు' అన్నది ఎవరు? ఒళ్ళు జలదరించింది!" ఫోను చెరువులో విసిరేద్దామనిపించింది. ఆ ఉడుకుమోత్తనంతోనే కోడూరు వెళ్ళి, ఆవిడ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా విని, తన గొంతు రాగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, "ఈసారి అరిచేముందు కబురు పెట్టమ్మా. గట్టు మీద పరిగెత్తడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు" అంది.

ఆ తర్వాత మంచి స్టూడియోల్లో ఇంకో రెండు ఆల్బాలు చేశాం. చప్పట్లూ వచ్చాయి. కానీ నా గొంతు విని, చేతిలో పని వదిలేసి, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చిన శ్రోత మళ్ళీ దొరకలేదు. ఆవిడ వల్ల తన పాట పాడైపోయిందని పది రోజులు అలిగి కూర్చున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది.