రమణి వేసిన మార్కులు

టైడా పైన కొండ ఊళ్లో ఉండే రమణి ఏడో తరగతి దాకా చదివింది. రక్తం జబ్బుతో కూతురు సుభద్ర హాస్టల్ మానేశాక, ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చేర్పించి, ఇంట్లో తనే లెక్కలు చేయించింది. రోజూ కాఫీ పళ్ళు కోసి వచ్చి, గైడు చివరనున్న జవాబులతో సరిచూసి, ఎర్ర పెన్నుతో నూటికి తొంభై వేసేది. ఆ జవాబు ఎలా వచ్చిందో మాత్రం ఆమెకు అర్థమయ్యేది కాదు.

పరీక్షలో లెక్కలకు పద్నాలుగు మార్కులొచ్చాయి.

"గైడు సివర సూసి రాసేనని నీకు తెలీదా అమ్మా?" అని అడిగింది సుభద్ర.

"తెలుసే గుంటా. తప్పని పెడితే, ఎలా సెయ్యాలో నేనే సెప్పాలి గదా. నాకేటొచ్చు?"

మర్నాటి నుంచి సుభద్ర పుస్తకం తీయలేదు. రమణి తీయమనలేదు.